అలెగ్జాండర్, సికందర్, అలికసుదర: ఒకే పేరుకి ఇన్ని రూపాలా?

పత్తికొండ_టీచర్
ఏడో తరగతి పిల్లలకి అశోకుడి పాఠం చెప్తున్నాను. ఎర్రగుడి శాసనాలు మాకు దగ్గరే కదా అని వాటి మీద ఒక చార్టు తయారు చేయిస్తున్నా. 13వ శాసనంలో అశోకుడు అయిదుగురు యవన (అంటే గ్రీకు) రాజుల పేర్లు చెక్కించాడు. అందులో ఒకడు "అలికసుదర". ఇది అలెగ్జాండర్ అనే పేరే అని రాసి పెట్టేసరికి స్టాఫ్ రూములో పెద్ద వాదన లేచింది. ఒకాయన సికందర్ అసలు పేరు, ఇంగ్లీషువాళ్లే దాన్ని మార్చారు అంటాడు. ఇంకొకావిడ బైబిల్లో అలెక్సంద్రు అని ఉంది, అదే సరైనది అంటుంది. ఒక పాత పుస్తకంలో అలెగ్జాండరు, ఇంకోదాంట్లో అలెక్సాండర్. వీటిలో మొదటిది ఏది? దాని అర్థం ఏంటి? చార్టు మీద తప్పు రాస్తే పిల్లలు దాన్నే పట్టుకుంటారు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

నిద్రపట్టని_సాయి
సికందర్, అలెగ్జాండర్ ఇద్దరూ వేరు వేరు రాజులని మా నాన్నగారు ఇప్పటికీ వాదిస్తారు. ఈ చర్చ ఆయనకి చదివి వినిపించాలి. కానివ్వండి.

లిపి_పిచ్చి
మొదటిది గ్రీకు రూపం: అలెక్సాండ్రొస్. రెండు మాటలు కలిపి కట్టిన పేరు. ముందు భాగం "అలెక్సో" అనే క్రియ నుంచి వచ్చింది. మీదికొచ్చేదాన్ని అడ్డుకోవడం, కాపాడడం అని దాని అర్థం. వెనక భాగం "అనేర్", అంటే మగవాడు. షష్ఠీ విభక్తిలో అది "ఆండ్రొస్" అవుతుంది. కలిపితే జనాన్ని కాచేవాడు.

మనకి బాగా దగ్గరైన సంగతి ఒకటుంది. అనేర్, సంస్కృతంలోని నృ, నర శబ్దాలు ఒకే మూలం నుంచి వచ్చినవి. అలెక్సోకీ సంస్కృత "రక్ష్" ధాతువుకీ కూడా అదే చుట్టరికం ఉందని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. గ్రీకు మాటల మొదట్లో కనిపించే "అ" పాత మూలభాషలో ఉండిన ఒక గొంతు ధ్వనికి మిగిలిన గుర్తు. సంస్కృతంలో ఆ ధ్వని రాలిపోయింది. కాబట్టి అలెక్సాండ్రొస్ పక్కన "నరరక్షక" పెట్టి చూస్తే, వరస అటూఇటూ అయినా ధాతువులు అవే. ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు, రెండిటికీ తాత ఒక్కడే.

మధ్యలో "డ" ఎక్కడిదంటారా? న, ర పక్కపక్కన పడితే నాలుక తిరగడానికి మధ్యలో ఇంకో హల్లు చేరుతుంది. సంస్కృత వానర హిందీలో బందర్ అయింది కూడా ఇలాగే.

గోదారి_గట్టు
బందర్ అనగానే లడ్డూ గుర్తొచ్చింది. ఆ బందరు వేరు, అది పారశీకంలో రేవు అని అర్థం. కోతికీ లడ్డూకీ సంబంధం అంటగట్టకండి ఎవరూ 😀

సీమ_సందేహం
అయితే ఆంధ్ర అనే మాట కూడా ఈ ఆండ్రొస్ నుంచే వచ్చిందా? వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, ఆంధ్రులు గ్రీకు వీరుల సంతతి అని.

లిపి_పిచ్చి
సీమ_సందేహం, లేదు. ఆంధ్రుల ప్రస్తావన ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది, అది అలెగ్జాండర్ దండయాత్రకి ముందుది. పైగా ఆండ్రొస్‌లోని డ ఇందాక చెప్పినట్టు నడుమ చేరింది, ఆంధ్రలోది మహాప్రాణం "ధ". రెండూ వినడానికి దగ్గర, అంతే. రోమన్ రచయిత ప్లినీ మనవాళ్లని "అండరే" అని రాశాడు: కోటగోడలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్న జాతి అని. వీళ్లు గ్రీకుల చుట్టాలని ఎక్కడా అనలేదు.

డాక్టరమ్మ_విజయనగరం
ఆండ్రొస్ సంతతి కావాలంటే చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ అంటే "మనిషి లాంటిది". ఆ ఆండ్ర్ ఇదే. అంద్రెయ, అంటే ఆండ్రూ, ఇదే. అలెక్స్ వైపు చుట్టాలు మా వైద్యంలో ఉండేవాళ్లు. విషానికి విరుగుడు మందుని పాత గ్రీకు వైద్యులు "అలెక్సీఫార్మకొన్" అనేవారు. అడ్డుకునే మందు అని.

పాత_నాణెం
లిపి_పిచ్చి గారూ, అర్థం విషయంలో నాకు చిన్న పేచీ ఉంది. అలెక్సో అసలు అర్థం అడ్డుకోవడం. అలాంటప్పుడు "మగవాళ్లని అడ్డుకునేవాడు", అంటే శత్రువుల్ని తరిమేవాడు అని ఎందుకు కాకూడదు? యోధుడి పేరుకి అదే బాగా అతుకుతుంది.

లిపి_పిచ్చి
కావచ్చు, అలా చెప్పేవాళ్లూ ఉన్నారు. అయితే గ్రీకు రచయిత ఒకరు ట్రాయ్ రాకుమారుడు పారిస్ గురించి చెప్పిన కథ రెండు అర్థాలకీ సరిపోతుంది. పుట్టగానే కొండ మీద వదిలేస్తే పశువుల కాపరులు పెంచారు. పెద్దయ్యాక దొంగల్ని తరిమి మందల్ని కాపాడాడు, అందుకని అలెక్సాండ్రొస్ అని పేరొచ్చింది అంటాడు. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్‌లో కూడా అతన్ని పారిస్ అన్నదానికన్నా అలెక్సాండ్రొస్ అన్నదే ఎక్కువ. అంటే ఈ పేరు వినగానే పాత గ్రీకులకి ముందు గుర్తొచ్చేది హెలెన్‌ని ఎత్తుకెళ్లిన పారిసే, మనం అనుకునే అలెగ్జాండర్ కాదు.

సికింద్రాబాదీ
ఇది తెలీదు! అయితే మాసిడోనియా రాజులు శత్రువు పేరు పెట్టుకున్నారా? ట్రాయ్ వాళ్లు గ్రీకులకి శత్రువులే కదా?

ఇటుక_పలక
అసలు తమాషా అక్కడే ఉంది. టర్కీలో హట్టుసా అనే పాత హిట్టైట్ రాజధాని తవ్వకాల్లో మట్టిపలకలు వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో ఒక ఒప్పందం ఉంది, సుమారు క్రీ.పూ. 1280 నాటిది. హిట్టైట్ చక్రవర్తి మువతల్లి, "విలుసా" రాజు "అలక్సందు"తో చేసుకున్నది. విలుసా అంటే ఇలియోస్, అంటే ట్రాయ్ అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ట్రాయ్ రాజు పేరు అలక్సందు! కాబట్టి నా వాదన: ఈ పేరు గ్రీకుది కాదు, ఆసియా మైనర్‌ది. గ్రీకులు విని తమ భాషలో అర్థం వచ్చేలా సర్దుకున్నారు.

పాత_నాణెం
ఇటుక_పలక, ఈ వాదన చాలా పాతది. గ్రీసులో దొరికిన పాత మట్టిపలకల మీది లిపి, లీనియర్ బి అంటారు, దాన్ని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాక ఈ వాదన బలం తగ్గింది.

ఇటుక_పలక
ఎందుకు తగ్గింది? వివరం చెప్పండి.

లిపి_పిచ్చి
నేను చెప్తా, ఇది నాకు ప్రాణం.

గ్రీసులోని మైసీనీలో దొరికిన ఒక మట్టిపలక మీద ఆడవాళ్ల పేర్ల జాబితా ఉంది. క్రీ.పూ. 13వ శతాబ్దిది. అందులో ఒక పేరు ఇలా రాసి ఉంది: అ-రె-క-స-ద-ర. చూడగానే ఏమీ అర్థం కాదు. కానీ ఆ లిపి ఎలా పనిచేస్తుందో తెలిస్తే విడిపోతుంది. పొల్లు లేదు, ఒత్తు లేదు, గుణింతం ఉన్న అక్షరాలు మాత్రమే ఉన్నాయి అనుకోండి. "క్స" రాయాలంటే "క-స" అని రెండక్షరాలు పెట్టాలి. "ల"కీ "ర"కీ ఒకే గుర్తు. హల్లుకి ముందొచ్చే "న్" రాయనే రాయరు, మనం సున్నా ఎగరగొట్టినట్టు. ఇప్పుడు వెనక్కి నింపుకుంటూ రండి: అ-లె-క్సా-న్-డ్రా. అలెక్సాండ్రా! ఒక ఆడమనిషి పేరు. ఆవిడ ఎవరో ఏమో, గ్రీకు నేల మీద ఈ పేరుకి దొరికిన అతి పాత సాక్ష్యం మాత్రం ఆవిడే.

అలక్సందు కాలానికి అటూఇటూగా, సముద్రానికి ఇటువైపు గ్రీకు మాట్లాడే ఊళ్లో మామూలు ఆడవాళ్ల జాబితాలో ఈ పేరు ఉందంటే, గ్రీకు వ్యాకరణంతో సులువుగా విడిపోతోందంటే, గ్రీకు పేరే అనుకోవడం సబబు. ట్రాయ్ రాజుకి గ్రీకు తల్లి ఉండొచ్చు, గ్రీకుల స్నేహం ఉండొచ్చు.

ఇటుక_పలక
"ఉండొచ్చు"లు రెండు పెట్టారు మీరు. నా "ఉండొచ్చు" ఒక్కటే. సముద్రం దాటి పేరు అటు నుంచి ఇటూ వచ్చి ఉండొచ్చు. పలక ఎక్కడ దొరికిందన్నది పేరు ఎక్కడ పుట్టిందో చెప్పదు.

లిపి_పిచ్చి
ఎక్కడ పుట్టిందో పలక చెప్పదు, నిజమే. కానీ అలెక్స్-, -ఆండ్రొస్ రెండూ విడివిడిగా ఇంకా బోలెడు గ్రీకు పేర్లలో ఉన్నాయి: మెనాండ్రొస్, లిసాండ్రొస్, అలెక్సియొస్. బయటి నుంచి విని సర్దుకున్న పేరైతే రెండు ముక్కలూ ఇంత సాఫీగా అతకడం అరుదు. మీ వాదన కొట్టిపారేయను, నా మొగ్గు మాత్రం ఇటే.

డాక్టరమ్మ_విజయనగరం
మొదటి సాక్ష్యం ఆడపేరు కావడం నాకు భలే నచ్చింది. చరిత్ర పుస్తకాల్లో అలెగ్జాండ్రా అంటే అలెగ్జాండర్‌కి స్త్రీలింగం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

లిపి_పిచ్చి
ఇంకో అలెక్సాండ్రా కూడా ఉంది. ట్రాయ్ రాకుమారి కసాండ్రాని స్పార్టా దగ్గర అమిక్లే ఊళ్లో అలెక్సాండ్రా పేరుతో కొలిచేవారు.

సికింద్రాబాదీ
బాగుంది. మరి ఇది సికందర్ ఎలా అయింది? మా ఊరి పేరు సంగతి తేల్చండి.

ఉర్దూ_మాస్టారు
సికింద్రాబాదీ భాయ్, రెండు మలుపులు. మొదటిది: అరబ్బులు ఈ పేరు విన్నప్పుడు ముందున్న "అల్" వాళ్ల భాషలో నామవాచకానికి ముందు పెట్టే "అల్"లా వినపడింది. దాన్ని విడదీసి అల్-ఇస్కందర్ అన్నారు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నేటికీ అరబిక్‌లో అల్-ఇస్కందరియ్యా. రెండోది: "క్స" కాస్తా "స్క" అయింది. అరబిక్ నుంచి ఇస్కందర్, పారశీకంలో సికందర్, తుర్కీలో ఇస్కెందెర్. అల్బేనియా వీరుడు స్కెందర్‌బేగ్ పేరులో ఉన్నది కూడా ఇదే. తుర్కుల దగ్గర పెరిగాడు కాబట్టి ఇస్కెందెర్ బేగ్ అయ్యాడు.

మీ ఊరి విషయానికి వస్తే, మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికందరాబాద్ అయింది. మన నోట్లో సికింద్రాబాద్. యూపీలో బులంద్‌షహర్ వైపు ఇంకో సికందరాబాద్ ఉంది, అది సికందర్ లోడీ పేరు మీద. ఆగ్రాలో అక్బర్ సమాధి ఉన్న సికంద్రా కూడా లోడీదే.

గోదారి_గట్టు
సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగిన ప్రతిసారీ గ్రీకు పేరు మీద కాలు పెడుతున్నామన్నమాట.

సీమ_సందేహం
"క్స" తలకిందులై "స్క" అవడం నోరు తిరక్క చేసిన తప్పు కాదా?

లిపి_పిచ్చి
తప్పు అనకండి. వర్ణవ్యత్యయం అంటారు, మన తెలుగు దాని మీదే నడిచింది. తమిళంలో ఉరల్, మనకి రోలు. తమిళంలో ఇరండు, మనకి రెండు. అవర్ అన్నది మనకి వారు. మనం తిప్పుకున్నట్టే వాళ్లూ తిప్పుకున్నారు.

పాస్టరుగారి_అబ్బాయి
టీచర్ గారి స్టాఫ్ రూములో ఆవిడ వైపు నేనూ ఒక మాట చెప్తా. తెలుగు బైబిల్లో ఈ పేరు అలెక్సంద్రు. కురేనీయుడైన సీమోను కొడుకు ఒక అలెక్సంద్రు, పౌలుకి కీడు చేసిన కంచరివాడు ఇంకొకడు. కొత్త నిబంధన గ్రీకులో రాసినది, కాబట్టి ఈ రూపం గ్రీకుకి దగ్గరగా ఉంది: క్స అలాగే ఉంది, ద దంత్యమే. అలెగ్జాండర్‌లో "గ్జ", మూర్ధన్య "డ" ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా మనకి వచ్చినవి. మా చర్చిలో అలెక్సంద్రు పేరున్న తాతగారు ఒకరుండేవారు. మనవడికీ ఆ పేరే పెట్టారు, కానీ స్కూల్ రిజిస్టర్‌లో అలెగ్జాండర్ అయింది.

పాత_నాణెం
తాత పేరు మనవడికి పెట్టడం పాత గ్రీకుల ఆనవాయితీ కూడా. మనలా ఇంటిపేరు ఉండేది కాదు. ఒకే పేరు, దాని వెనక తండ్రి పేరు షష్ఠిలో: అలెక్సాండ్రొస్ ఫిలిప్పూ, అంటే ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్. ఫిలిప్పొస్ అంటే గుర్రాల్ని ప్రేమించేవాడు, "హిప్పొస్"కి సంస్కృత అశ్వ చుట్టం.

మహావీరుడు అనే అలెగ్జాండర్ (క్రీ.పూ. 356–323) మాసిడోనియాలో మూడోవాడు. మొదటి అలెగ్జాండర్ పారశీక యుద్ధాల కాలంవాడు. రెండోవాడు మనవాడికి పెదనాన్న. ఇంకా మేనమామ, ఎపిరస్ రాజు, ఆయనా అలెగ్జాండరే. ఆ మేనమామకి ఎవర్నిచ్చి చేశారనుకున్నారు? మనవాడి సొంత చెల్లెలు క్లియోపాత్రాని. క్రీ.పూ. 336లో ఆ పెళ్లిలోనే ఫిలిప్‌ని పొడిచి చంపారు.

గోదారి_గట్టు
అక్క కూతుర్ని చేసుకున్నాడా! అచ్చం మన వైపు పెళ్లే. శుభలేఖలో వరుడు చి. అలెగ్జాండర్, బావమరిది చి. అలెగ్జాండర్. కార్డు అచ్చేసినవాడు తల పట్టుకునుంటాడు.

నిద్రపట్టని_సాయి
😂😂 మా నాన్నగారికి ఇది తప్పకుండా చెప్తా.

డాక్టరమ్మ_విజయనగరం
నేను ఎంబీబీఎస్ ఉక్రెయిన్‌లో చదివా. మా అనాటమీ సార్ పేరు కాగితం మీద ఒలెక్సాండర్, రష్యన్ మాట్లాడేవాళ్లు అలెక్సాందర్ అనేవారు, ఆయన భార్య సాషా అనేది. మొదట్లో ముగ్గురు సార్లున్నారనుకున్న తెలుగు పిల్లలు మా బ్యాచ్‌లో చాలామంది. సాషా ఎలా వచ్చిందో అక్కడి లైబ్రరీ ఆంటీ చెప్పింది: అలెక్సాందర్‌ని ముద్దుగా అలెక్సాషా, దాన్నుంచి సాషా. దాన్ని ఇంకా సాగదీసి సాషురా, దాన్నుంచి షురా. షురాలో ఉన్న "ర" కూడా ముద్దుకి చేర్చిందే, అలెగ్జాండర్‌ది కాదు.

ఇంకో మాట. అలెక్సేయ్ అనేది వేరే పేరు, అలెక్సియొస్ నుంచి. ఇద్దర్నీ అలెక్స్ అని పిలిస్తే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు.

ఎడిన్‌బరో_ఎంకి
స్కాట్లాండ్‌లో ముగ్గురు రాజులకి ఈ పేరు. గేలిక్‌లో అలస్దైర్, అదే ఇంగ్లీషులో అలిస్టర్. ముద్దుపేరు శాండీ. మా వీధిలో శాండీ అంటే డెబ్బై ఏళ్ల పెద్దాయన. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు "శాండీ ఆడపిల్ల పేరు కాదుటే?" అంది. హంగరీలో షాందోర్, ఇటలీలో సాండ్రో, యిడ్డిష్‌లో సెందెర్. మొదటి సగం చాలాచోట్ల ఊడిపోయింది, రెండో సగం బతికింది.

పత్తికొండ_టీచర్
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నా అలికసుదర మిగిలిపోయాడు. ఇతను ఆ మహావీరుడేనా? పిల్లలు మొదట అదే అడుగుతారు.

పాత_నాణెం
కాదు మాస్టారూ. ఆయన అశోకుడికి రెండు తరాల ముందే పోయాడు. శాసనం క్రీ.పూ. 250ల నాటిది. అయిదుగురిలో అంతియోక సిరియా రాజు రెండో ఆంటియోకస్, తురమాయ ఈజిప్టు టాలెమీ, అంతికిని మాసిడోనియా ఆంటిగోనస్, మక నేటి లిబియాలోని కిరీనీ రాజు మాగస్. అలికసుదర విషయంలో రెండు పక్షాలున్నాయి: ఎపిరస్ రాజు రెండో అలెగ్జాండర్ అని, కొరింథ్‌ని ఏలిన అలెగ్జాండర్ అని. ఎపిరస్ వైపే నాకు మొగ్గు. అతను పిరస్ కొడుకు, దూరదేశాల్లో పేరు వినబడే స్థాయి ఉన్నవాడు. కొరింథ్ అతను ఆంటిగోనస్ అన్న కొడుకు, బాబాయి మీద తిరగబడ్డ సామంతుడు.

ఇటుక_పలక
నేను కొరింథ్ వైపు. ఎపిరస్ అతను శాసనం నాటికి బతికే ఉన్నాడా అన్నదే అనుమానం.

లిపి_పిచ్చి
ఇద్దరూ రాత్రంతా వాదించుకోండి, నేను స్పెల్లింగ్ చూస్తా. ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ శాసనంలో అలికసుదరో. ఉత్తరాఖండ్ కాల్సీలో అలిక్యషుదలే: అక్కడి ప్రాకృతంలో "ర" వచ్చేచోట "ల" పలుకుతుంది, రాజా కాస్తా లాజా. రెండిట్లోనూ "క్స" విడిపోయి క-స అయింది, "న్" పోయింది. ఇప్పుడు మైసీనీ పలక పక్కన పెట్టి చూడండి:

అ-రె-క-స-ద-ర
అ-లి-క-సు-ద-ర

మధ్య వెయ్యేళ్లు, రెండు ఖండాలు. అక్కడ లిపికి వేరే దారి లేక అలా రాశారు. ఇక్కడ బ్రాహ్మి, ఖరోష్ఠి లిపుల్లో ఒత్తు పెట్టగలరు, అయినా ప్రాకృతం మాట్లాడే నోటికి "క్స" పట్టలేదు. ఒకరికి చేతిలో, ఒకరికి నాలుక మీద అడ్డం వచ్చి, పేరు దాదాపు ఒక్కలాగే తేలింది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పాత_నాణెం
దీనికి నా వంతు. మన వాయవ్యాన్ని ఏలిన గ్రీకు రాజు మెనాండర్ నాణేల మీద ఒకవైపు గ్రీకులో "బసిలెఓస్ సోతెరోస్ మెనాండ్రూ", ఇంకోవైపు ఖరోష్ఠిలో "మహరజస త్రతరస మెనంద్రస". రెండువైపులా షష్ఠే: మహారాజు, రక్షకుడు, మెనాండర్ యొక్క (నాణెం) అని. ఆండ్ర్ అలాగే నిలిచింది. అదే పాళీలో మిలింద అయ్యాడు, బౌద్ధ భిక్షువు నాగసేనుడితో వాదించిన మిలిందుడు ఇతనే. ఆ వాదనని చెప్పే పాళీ గ్రంథం మిలిందపన్హలో ఆయన పుట్టింది "అలసంద" దీపం (ద్వీపం) అని ఉంది. అలసంద అంటే అలెగ్జాండ్రియా.

సీమ_సందేహం
అలసంద! మా ఇంట్లో అలసంద వడలు చేస్తారు. దానికీ దీనికీ...

లిపి_పిచ్చి
సంబంధం లేదు 😀 ఆ అలసందలు మన బొబ్బర్లే.

సికింద్రాబాదీ
టీచర్ గారూ, చార్టు మీద సికందర్‌ని వదిలేయకండి. పిల్లలకి తెలిసిన ఊరు పేరుతో మొదలుపెడితే మిగతావి వాటంతటవే గుర్తుంటాయి.

పత్తికొండ_టీచర్
అదే చేస్తా. మధ్యలో "అలెక్సాండ్రొస్ (గ్రీకు)" అని పెట్టి, దాన్నుంచి గీతలు: ఒక వైపు మైసీనీ పలక, ఒక వైపు అశోకుడి అలికసుదర, ఒక వైపు అరబిక్ ఇస్కందర్ మీదుగా సికందర్, అక్కడి నుంచి సికింద్రాబాద్, ఇంకో వైపు బైబిల్ అలెక్సంద్రు, ఇంగ్లీషు మీదుగా వచ్చిన అలెగ్జాండర్. కింద "శాసనంలోని అలికసుదర మహావీరుడు కాదు, వేరే అలెగ్జాండర్" అని ఎర్ర స్కెచ్‌తో. మైసీనీ పలకలోని ఆరు అక్షరాలు ఎలా ఉంటాయో ఎవరైనా గీసి పెట్టగలరా? పిల్లల చేత అచ్చం అలాగే దిద్దిస్తా.

లిపి_పిచ్చి
రేపు సాయంత్రం లోపు గీసి పెడతా. అ అక్షరం రెండువైపులా అంచున్న గొడ్డలిలా ఉంటుంది, పిల్లలకి ముందు అదే నచ్చుతుంది.